కాళ్లకు రక్తం సరిగ్గా ఆడుతోందా? సూది, కోత లేకుండా చూసుకోవడం ఎలా

‘నరం లాగుతోంది’ అంటాం. ‘నరాలు ఉబ్బాయి’ అంటాం. ‘నరాల బలహీనత’ అనీ అంటాం. మాట ఒకటే గానీ లోపల ఉన్నవి మూడు. గుండె నుంచి కాలికి రక్తం తెచ్చేది ధమని. కాలి నుంచి గుండెకు తిరిగి తీసుకెళ్లేది సిర. నొప్పినీ స్పర్శనీ మెదడుకు చేరవేసేది అసలు నరం. మూడింటికీ పరీక్షలు వేరు. చీటీలో ‘కాళ్లకు డాప్లర్’ (రక్తం పారే తీరు చూపించే స్కాన్) అని మాత్రమే రాసి ఉంటే స్కానింగ్ సెంటర్ కౌంటర్‌లో ‘ఆర్టీరియలా, వీనసా?’ అని, అంటే ధమనులకా, సిరలకా అని అడుగుతారు. ఆ జవాబు తెలియకుండా డబ్బు కట్టకండి. ధమని పూడుకుపోయిన మనిషికి సిరల స్కాన్ తీస్తే రిపోర్ట్ నార్మల్ అనే వస్తుంది, నొప్పి మాత్రం ఎక్కడికీ పోదు.

ముందు నొప్పి ఏ రకమో తేల్చుకోండి

ధమని నొప్పికి లెక్క ఉంటుంది. ఇంత దూరం నడవగానే పిక్క పట్టేస్తుంది, ఆగి నిలబడితే కొద్ది నిమిషాల్లో వదిలేస్తుంది, మళ్లీ నడిస్తే దాదాపు అంతే దూరంలో పట్టేస్తుంది. ఎత్తు ఎక్కితే ఇంకా ముందే వస్తుంది. సిరల బాధ దీనికి తలకిందులు: పొద్దున బాగానే ఉంటుంది, రోజంతా నిలబడి పనిచేశాక సాయంత్రానికి కాళ్లు బరువెక్కి వాస్తాయి, కాళ్లు ఎత్తి పడుకుంటే తేలికపడతాయి. నరాల మంట, తిమ్మిర్లు నడకతో సంబంధం లేకుండా రాత్రిపూట పక్క మీద ఎక్కువవుతాయి. నడుములో వెన్ను దగ్గర నొక్కుకుపోయిన నరమైతే నడిస్తేనే కాదు, ఊరికే నిలబడినా లాగుతుంది. ఆగి నిలబడితే తగ్గదు, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గుతుంది. ధమని నొప్పికి కూర్చోవాల్సిన పని లేదు, నిలబడ్డా చాలు. ఈ తేడా ఒక్కటీ సరిగ్గా చెప్పగలిగితే డాక్టరు పని సగం అయిపోయినట్టే.

దీన్ని కొలవడానికి విశాఖలో బీచ్ రోడ్డు కంటే మంచి చోటు లేదు, ఎందుకంటే చదునుగా ఉంటుంది. కైలాసగిరి మెట్లు, కలెక్టరాఫీసు డౌన్ లాంటి వాలు రోడ్లు ఈ పనికి వద్దు. ఇసుకలో నడక అసలే వద్దు, అందులో ఆరోగ్యవంతుడి పిక్కలు కూడా పట్టేస్తాయి. పొద్దున్నే కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం వైపు మీ మామూలు వేగంతో నడవండి. ఫోన్‌లో దూరం చూపించే యాప్ ఆన్ చేసి పెట్టుకోండి. రాసుకోవాల్సినవి నాలుగు: నొప్పి మొదలైన దూరం, ఇక నడవలేక ఆగిన దూరం, ఆగాక తగ్గడానికి పట్టిన నిమిషాలు, నొప్పి పుట్టిన చోటు. పిక్కలో పుడితే సాధారణంగా అడ్డంకి తొడ ధమనిలో ఉంటుంది. పిరుదులోనో తొడలోనో పుడితే ఇంకా పైన, పొత్తికడుపు దగ్గర ఉండొచ్చు. నడుస్తుంటే ఛాతీలో బరువు, ఆయాసం వస్తే అక్కడితో ఆపేయండి. అప్పుడు ముందు చూపించాల్సింది కాలు కాదు, గుండె.

ఇంట్లో పాదం చూసుకోవడం

పాదం చూడాల్సిన మనిషిని పడుకోబెట్టి పది నిమిషాలు ఆగాక మొదలుపెట్టండి. బయట ఎండలో తిరిగి వచ్చిన వెంటనే పాదం ఎర్రగా, వెచ్చగా ఉండి మోసం చేస్తుంది.

పాదంలో నాడి రెండు చోట్ల దొరుకుతుంది. బొటనవేలిని పైకి లేపితే పాదం మీద ఒక తాడులా పైకి తేలుతుంది చూడండి, దానికి చిటికెనవేలి వైపున, పాదం మధ్యలో ఒకటి. లోపలి చీలమండ ఎముక వెనక, ఎముకకీ మడమ వెనక ఉండే గట్టి నరానికీ (ఇదీ నరం కాదు, కండర బంధనం, ఏం చేస్తాం!) మధ్య పల్లంలో రెండోది. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు మూడూ ఆనించండి. బొటనవేలితో చూడొద్దు, అందులో మీ నాడే మీకు తగులుతుంది. చాలామంది చేసే పొరపాటు గట్టిగా నొక్కేయడం. పాదం ధమని సన్నది, నొక్కితే మూసుకుపోయి ‘నాడి లేదు’ అనిపిస్తుంది. వేళ్లు ఆనించి, పట్టు మెల్లగా వదులుతూ రండి. ఎక్కడో ఒకచోట తగులుతుంది. తగిలినది మీ వేళ్ల నాడేమో అన్న అనుమానం ఉంటే రెండో చేత్తో ఆ మనిషి మణికట్టు నాడి పట్టుకుని చూడండి. రెండూ ఒకే లయలో కొడితే అది పాదం నాడే. పాదం పైన ఉండే నాడి కొందరికి పుట్టుకతోనే చేతికి అందదు, దాని ఒక్కదానికీ కంగారు పడొద్దు. చీలమండ వెనకది కూడా దొరక్కపోతే, లేదా ఒక కాలికి దొరికి రెండో కాలికి దొరక్కపోతే, అప్పుడు చూపించుకోవాలి.

తర్వాత రంగు. బొటనవేలి కొసను ఐదు సెకన్లు నొక్కి వదలండి. పాలిపోయిన చోట రెండు మూడు సెకన్లలో రంగు తిరిగి రావాలి. గోళ్లకు గోరింటాకు, పాలిష్ ఉంటే గోరు మీద కాదు, వేలి కింది కండ మీద చూడండి. పారాణి పెట్టుకున్న పాదంలో ఇది చూడటం దండగ. ఈ పరీక్షకు నేనిచ్చే మార్కులు తక్కువే: గది చల్లగా ఉన్నా ఆలస్యమవుతుంది, ధమని కొంత మూసుకున్నా మామూలుగానే రావచ్చు.

కాళ్లు ఎత్తి చూడటం దానికంటే నయం. వెల్లకిలా పడుకోబెట్టి రెండు కాళ్లనూ మంచానికి 45 డిగ్రీల ఎత్తున, దిండ్ల మీద గానీ గోడకు ఆనించి గానీ, ఒకటి రెండు నిమిషాలు ఉంచండి. చామనఛాయ ఒంట్లో పాదం పైభాగం ఏమీ చెప్పదు, అరికాలు చూడాలి. ఒక అరికాలు సున్నంలా తెల్లబడి రెండోది మామూలుగా ఉంటే అది గమనించాల్సిన విషయం. ఇప్పుడు లేపి మంచం అంచున కాళ్లు వేలాడదీసి కూర్చోబెట్టండి. మామూలుగా పది పదిహేను సెకన్లలో రంగు వచ్చేస్తుంది. చాలాసేపటికి గానీ రాకుండా, వచ్చాక మామూలు రంగు దాటి కందిపోయినట్టు ముదురు ఎరుపుకు తిరిగితే ధమనిలో అడ్డంకి గట్టిగానే ఉందని అర్థం. ఆ ఎరుపు చూసి ‘రక్తం బాగా వస్తోంది’ అని మురిసిపోయేవాళ్లు ఉంటారు, అది తప్పు.

కరోనా రోజుల్లో కొన్న వేలి ఆక్సీమీటర్ ఇంకా చాలా ఇళ్లలో ఉంది. దాన్ని కాలి వేలికి తగిలించి 97 వచ్చిందని ఊరుకోకండి. అది వచ్చిన రక్తంలో ఆక్సిజన్ ఎంతో చెబుతుంది, ఎంత రక్తం వస్తోందో చెప్పదు.

రెండు చేతుల బీపీ

ధమనుల పరీక్షల్లో అన్నిటికంటే చౌకది ఇదే. ఐదు నిమిషాలు వెన్ను ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా కూర్చుని, చేతిని బల్ల మీద గుండె ఎత్తున పెట్టి, ఒక్క నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. అరగంట ముందు నుంచీ టీ, కాఫీ, సిగరెట్ వద్దు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు తొలిరోజు రెండు చేతులకూ చూడాలి. పై అంకెలో 15 కంటే ఎక్కువ తేడా పదేపదే వస్తుంటే తక్కువ వచ్చిన చేతి ధమనిలో అడ్డంకి ఉందేమో చూపించుకోవాలి. తేడా అంత లేకపోయినా ఇక మీదట కాస్త ఎక్కువ వచ్చే చేతికే చూసుకోండి. ఇంట్లో వారం రోజుల సగటు 135/85 దాటితే అది బీపీయే. చేతికి చుట్టే పట్టా (కఫ్) విషయం మర్చిపోవద్దు: మెషీన్‌తో వచ్చే మామూలు పట్టా చాలావరకు 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత చేతికే సరిపోతుంది. లావు చేతికి అదే బిగిస్తే లేని బీపీ కనిపిస్తుంది.

అసలు పరీక్ష: చీలమండ బీపీ

ఏబీఐ అని రాస్తారు. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చే నిష్పత్తి, అంతే. రంగుల డాప్లర్ స్కాన్ కంటే ముందు చేయాల్సింది ఇది. పావుగంట, ఇరవై నిమిషాల పని. పాదం దాకా రక్తం చాలినంత చేరుతోందా లేదా అన్నది తేలిపోతుంది. అడ్డంకి ఎక్కడుందో ఇది చెప్పదు, అందుకు స్కాన్ కావాలి. విచిత్రం ఏమిటంటే పెద్ద స్కాన్ చేయించుకున్నవాళ్లలోనూ ఈ చిన్న పరీక్ష చేయించుకోనివాళ్లు చాలామంది ఉంటారు. అడిగి చేయించుకోండి.

వెళ్లేముందు: సిగరెట్, చుట్ట, బీడీ రెండు గంటల ముందే ఆపాలి. పరగడుపున వెళ్లక్కర్లేదు. బిగుతు లెగ్గింగ్స్, జీన్స్ కాకుండా లుంగీ గానీ వదులు పైజమా గానీ వేసుకోండి. పట్టీలు, దిష్టికి కట్టుకున్న నల్లతాడు తీసేయాలి, పట్టా వాటి మీద కూర్చుంటే సరిగ్గా బిగుసుకోదు. కాలికి చెమట ఉంటే తుడవమనండి, మన ఉక్కపోతలో పట్టా జారిపోతుంది.

సరిగ్గా చేస్తే ఇలా ఉంటుంది. వెల్లకిలా పడుకోబెట్టి ఐదు నుంచి పది నిమిషాలు కదలకుండా ఉంచుతారు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) డౌన్ నుంచి నడిచి ఎక్కి వచ్చి నేరుగా బల్ల మీద పడుకుంటే ఆ పది నిమిషాలూ తప్పనిసరి, ఎందుకంటే ధమనిలో అడ్డంకి ఉన్న కాలిలో నడక తర్వాత చీలమండ బీపీ పడిపోయి ఉంటుంది. పట్టా కింది అంచు లోపలి చీలమండ ఎముకకు రెండు సెంటీమీటర్లు పైన ఉండాలి. జెల్ రాసి, పెన్ను లాంటి డాప్లర్ ప్రోబ్‌ను చర్మానికి 45 నుంచి 60 డిగ్రీల వాలులో ఆనిస్తారు. చప్పుడు వినిపించాక గాలి కొట్టి, చప్పుడు ఆగిపోయిన చోటు నుంచి ఇంకో 20 పైకి పోయి, మెల్లగా వదులుతారు. చప్పుడు తిరిగి వచ్చిన అంకె రాసుకుంటారు. స్టెతస్కోప్‌తో ఇది కుదరదు, అడ్డంకి ఉన్న కాలిలో దానికి వినిపించదు. వరుస ఇది: ఒక చెయ్యి, అదే వైపు చీలమండ వెనక, అదే పాదం పైన, తర్వాత రెండో కాలికి ఆ రెండు చోట్లా, చివర్లో రెండో చెయ్యి.

లెక్క దగ్గరే గల్లంతులు ఎక్కువ. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. కుడి చెయ్యి 138, ఎడమ చెయ్యి 146. కుడి కాలు చీలమండ వెనక 118, పాదం పైన 110. ఎడమ కాలు 150, 144. కింద వేయాల్సింది రెండు చేతుల్లో ఎక్కువ అంకె, అంటే 146. అది రెండు కాళ్లకూ అదే. పైన వేయాల్సింది ఏ కాలికి ఆ కాలిలో ఎక్కువ వచ్చిన అంకె. కుడి: 118 ÷ 146 = 0.81. ఎడమ: 150 ÷ 146 = 1.03. ఒక్క కుడి చేతికే చూసి 138తో భాగించి ఉంటే కుడి కాలు 0.86 అయ్యేది. ఇక్కడ ఫలితం తారుమారు కాలేదు గానీ 0.90 అంచున ఉన్న మనిషికి అదే తేడా జబ్బును దాచేస్తుంది.

1.00 నుంచి 1.40 దాకా మామూలు. 0.91 నుంచి 0.99 అంచు. 0.90, అంతకు తక్కువైతే కాలి ధమనిలో అడ్డంకి ఉన్నట్టే. 0.40 కిందికి పోతే ఆలస్యం చేయకుండా రక్తనాళాల సర్జన్‌ను కలవాలి. 1.40 దాటితే ‘ఇంకా బాగుంది’ అని కాదు, ధమని గోడ సున్నం పట్టి పట్టాకు లొంగడం లేదని అర్థం. అటువంటప్పుడు ఆ అంకెతో పనిలేదు.

ఎక్కడ చెడుతుంది? కుర్చీలో కూర్చోబెట్టి తీస్తే చెడుతుంది. గుండెకు దిగువన ప్రతి పది సెంటీమీటర్లకూ పీడనం సుమారు 8 పెరుగుతుంది, పాదం వేలాడుతుంటే చీలమండ అంకె అరవై దాకా ఉబ్బిపోతుంది. మూసుకున్న ధమని కూడా దివ్యంగా కనిపిస్తుంది. పట్టా ఇరుకైనా అంతే. గాలి గబగబా వదిలితే అంకె తక్కువ పడుతుంది. పిక్క సిరలో రక్తం గడ్డ కట్టిందన్న అనుమానం ఉంటే ఆ కాలికి పట్టా బిగించనే కూడదు. బైపాస్ చేసిన ధమని ఆ చోటుగా పోతుంటే ముందే చెప్పండి.

నడిస్తే నొప్పి, ఏబీఐ మాత్రం 0.95. ఇలా అయితే అక్కడితో వదిలేయకండి, నడిపించి మళ్లీ తీయమనండి. ట్రెడ్‌మిల్ లేకపోయినా గోడ పట్టుకుని మునివేళ్ల మీద యాభైసార్లు లేచి దిగితే పని జరుగుతుంది. వెంటనే పడుకోబెట్టి తీస్తే, చీలమండ అంకె 30 కంటే ఎక్కువ పడిపోయినా, నిష్పత్తి 20 శాతం మించి తగ్గినా అడ్డంకి ఉన్నట్టు.

షుగర్ ఉన్నవాళ్లకు విడిగా

పదేళ్లకు పైగా షుగర్ ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఏబీఐ 1.1 వచ్చిందని నిశ్చింతగా ఉండొద్దు. సున్నం పట్టిన ధమని లోపల మూసుకుపోయి కూడా పైకి మంచి అంకె ఇస్తుంది. పైగా స్పర్శ తగ్గిన కాలికి నడకలో నొప్పి కూడా తెలియదు. వాళ్లు అడగాల్సింది బొటనవేలి బీపీ, టీబీఐ అంటారు. వేలి ధమనులకు సున్నం పట్టడం తక్కువ. నిష్పత్తి 0.70, అంతకు తక్కువైతే అసాధారణం. వేలి దగ్గర అసలు పీడనమే 30కి దిగువన ఉంటే పాదం మీది పుండు మానడం కష్టం.

ఈ పరీక్షకు పెద్ద శత్రువు ఏసీ. 18లో పెట్టిన గదిలో పాదం చల్లబడి వేలి రక్తనాళాలు ముడుచుకుపోతాయి, అంకె దానంతటదే పడిపోతుంది. ఏసీ 24కి పెంచమని అడిగి, పాదాలకు దుప్పటి కప్పుకుని పది నిమిషాలు ఆగండి. వేడినీళ్ల సంచీ, ఇటుక కాపడం మాత్రం వద్దు. స్పర్శ లేని కాలికి కాలిన సంగతి రేపు పొక్కు లేచాక గానీ తెలియదు.

ఉచిత శిబిరాల్లో అరికాలికి ఒక మొన ఆనించి, ‘అదురు తెలుస్తోందా’ అని అడిగి, వోల్టుల్లో చీటీ ఇస్తారు. అది నరాల పరీక్ష. రక్తప్రసరణ గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ, 32 కిలోమీటర్లు ఉత్త కాళ్లతో నడవాలనుకునే షుగర్ మనుషులు ఆ చీటీ ఒక్కటీ చూసుకుని బయల్దేరకండి. పాదం నాడి, వేలి బీపీ, స్పర్శ మూడూ ముందు చూపించుకోండి.

డాప్లర్ స్కాన్లు

కాలి ధమనుల స్కాన్‌కు గజ్జ నుంచి పాదం దాకా ప్రోబ్ నడిపిస్తారు. మొలతాడు పక్కకు జరపాలి, లోదుస్తులు వదులుగా ఉండాలి. ఉపవాసం అక్కర్లేదు. పొత్తికడుపు ధమని, కిడ్నీ ధమనులు కూడా చూడమని రాసి ఉంటే మాత్రం ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు, పేగుల్లో గ్యాస్ ఉంటే స్కాన్‌లో ఏమీ కనిపించదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు పొద్దున్న మొదటి అపాయింట్‌మెంట్ అడగండి. రిపోర్ట్‌లో ‘ట్రైఫేజిక్’ అంటే ధమనిలో రక్తం మామూలుగా పారుతోందని. ‘మోనోఫేజిక్’ అని ఉంటే సాధారణంగా పైన ఎక్కడో అడ్డంకి ఉందని. ఒక చోట రక్తం వేగం దాని పై భాగంతో పోలిస్తే రెట్టింపు అయితే అక్కడ ధమని సగానికి పైగా ఇరుకైందని లెక్క.

సిరల స్కాన్‌లో రెండు ప్రశ్నలుంటాయి, రెండింటికీ పద్ధతి వేరు. రక్తపు గడ్డ ఉందా అని చూడటానికి పడుకోబెట్టి ప్రోబ్‌తో సిరను నొక్కుతారు. మామూలు సిర చదునుగా మూసుకుంటుంది, గడ్డ ఉన్నది మూసుకోదు. ఉబ్బిన సిరల్లో కవాటాలు పాడయ్యాయా అని చూడటానికి మాత్రం నిలబెట్టి, పిక్క పిసికి వదలాలి. రక్తం అర సెకను కంటే ఎక్కువసేపు వెనక్కి జారితే చర్మం కింది సిర పాడైనట్టు. పడుకోబెట్టి చేసేసి ‘రిఫ్లక్స్ (వెనక్కి జారడం) లేదు’ అని రాస్తే ఆ రిపోర్ట్‌ను నమ్మను. స్టీలు ప్లాంట్, పోర్టు, బట్టల షాపుల్లో గంటలకొద్దీ నిలబడే ఉద్యోగాలవాళ్లు దీనికి డ్యూటీ దిగాక, సాయంత్రం వెళ్లడం మేలు. బిగుతు మేజోళ్లు ఆ రోజు వేసుకోవద్దు.

ఒక పిక్క ఉన్నట్టుండి వాచి, రెండో పిక్కకంటే మూడు సెంటీమీటర్లకు పైగా లావైందా? కొలత మోకాలి చిప్ప కింద ఉండే ఎముక బొడిపె నుంచి పది సెంటీమీటర్ల దిగువన తీయండి. ఆ కాలికి నూనె రాసి మర్దనా చేయకండి, గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు. అదే రోజు స్కాన్ చేయించండి. ఆయాసం, ఛాతీనొప్పి తోడైతే స్కానింగ్ సెంటర్‌కి కాదు, 108కి ఫోన్ చేయండి. కాలు హఠాత్తుగా చల్లబడి, తెల్లబడి, విపరీతంగా నొప్పి పుట్టి, వేళ్లు కదలకపోతే అదీ అంతే: కాలు దక్కించుకోవడానికి ఉన్న సమయం గంటల్లోనే, ఆరు గంటలు దాటితే కండ చచ్చిపోవడం మొదలవుతుంది. అపాయింట్‌మెంట్ కోసం రేపటిదాకా ఆగకూడదు.

మెడ ధమనుల డాప్లర్, కెరోటిడ్ అంటారు, ఇరవై ముప్పై నిమిషాల పని. గొలుసు, పసుపుతాడు పక్కకు జరిపితే చాలు. వేగం సెకనుకు 125 సెంటీమీటర్ల లోపు అయితే ఇరుకు సగం కంటే తక్కువ, 230 దాటితే 70 శాతం, అంతకు పైన. మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం, ఒక కన్ను కాసేపు చీకటి కమ్మడం లాంటివి వచ్చి తగ్గిపోయినవాళ్లకు ఇది తప్పనిసరి. ఏ బాధా లేని మనిషి హెల్త్ ప్యాకేజీలో ఉంది కదా అని చేయించుకోవాల్సిన పరీక్ష కాదు. సెలూన్‌లో మెడ విరిపించుకునే అలవాటు ఉంటే మాత్రం ప్యాకేజీ సంగతి తర్వాత, ముందు అది మానండి. ఆ విరుపుకు మెడ ధమని లోపలి పొర చిరగొచ్చు.

రిపోర్ట్ చేతికి వచ్చాక

కౌంటర్ దగ్గరే నిలబడి చూడండి. కుడి, ఎడమ తారుమారు కాలేదు కదా, మీకు నొప్పి ఉన్న కాలే కదా అందులో ఉన్నది. ఏబీఐ కాగితం మీద నిష్పత్తులతో పాటు రెండు చేతుల అంకెలు, నాలుగు కాలి అంకెలు విడివిడిగా ఉండాలి. అవి ఉంటేనే వచ్చే ఏడాది తీసిన దానితో పోల్చడానికి వీలుంటుంది, లెక్క తప్పిందో లేదో మీరే వేసి చూసుకోవచ్చు. లేకపోతే అప్పుడే పెన్నుతోనైనా రాయించుకోండి, రెండు రోజులు పోయాక వెళ్లి అడిగితే టెక్నీషియన్ దగ్గర ఆ చిత్తు కాగితం ఉండదు.